లోగో మీరే చేసుకోవాలా, డిజైనర్‌కి ఇవ్వాలా?

ఇంట్లో పచ్చళ్ళు, పొడులు చేసి అమ్మడం మొదలుపెట్టినవాళ్ళు మా డీటీపీ షాపుకి స్టిక్కర్ల కోసం వస్తుంటారు. ఫోన్ తీసి, రాత్రి కూర్చుని కాన్వా అనే డిజైన్ యాప్‌లో చేసుకున్న లోగో చూపించి, ఇది సరిపోతుందా లేక డబ్బులు పెట్టి డిజైనర్‌తో చేయించుకోవాలా అని అడుగుతారు. బాగుందా బాగాలేదా అన్నది నేను చెప్పను. ఏడాది తిరిగాక ఈ లోగో మార్చాల్సి వస్తే మీకెంత వదులుతుంది అని మాత్రం అడుగుతాను. నా లెక్కలో నిర్ణయమంతా ఆ ఒక్క ప్రశ్న మీదే ఉంది.

ఎందుకంటారా? మామూలు ప్లాస్టిక్ డబ్బా మీద స్టిక్కర్ అంటించి, వాట్సాప్ స్టేటస్‌లోనూ ఇన్‌స్టాగ్రామ్‌లోనూ ఆర్డర్లు తీసుకునే దశలో లోగో మారిస్తే పోయేది మిగిలిపోయిన నాలుగు స్టిక్కర్ షీట్లు, డీపీ మార్చుకునే రెండు నిమిషాలు. అలాంటప్పుడు మీరే చేసుకోండి, ఏం మొహమాటం అక్కర్లేదు. అదే ప్రింటెడ్ పౌచ్‌ల దాకా వెళ్తే కథ వేరు. పౌచ్‌లకి వాడే గ్రావ్యూర్ ప్రింటింగ్‌లో ఒక్కో రంగుకి డిజైన్ చెక్కిన ఒక్కో సిలిండర్ చేయించాలి, లోగో మారితే ఆ లోగో ఉన్న సిలిండర్లు మళ్ళీ చేయించాలి, పైగా పౌచ్‌లు వందల్లో వేయరు కాబట్టి గోడౌన్‌లో పడున్న పాత సరుకు సంగతి కూడా చూసుకోవాలి. షాపు బోర్డు, అట్టపెట్టెలు, డెలివరీ బండి, అమెరికాలో ఇండియన్ స్టోర్ షెల్ఫ్ మీద ఇప్పటికే కూర్చున్న డబ్బాలు, ఇవన్నీ కలిస్తే మార్పు అన్న మాట ఎత్తడానికే భయం వేస్తుంది. అక్కడికి చేరబోయే ముందు, అంటే పౌచ్‌కి అడ్వాన్స్ ఇవ్వకముందే, డిజైనర్‌కి డబ్బు ఇవ్వండి. చేతులు కాలాక ఆకులు పట్టుకుంటే లాభం లేదు.

మొదట సొంతంగా చేసుకుని తర్వాత నిపుణులకి ఇవ్వడం తక్కువతనమేమీ కాదు. గూగుల్ మొదటి లోగోని 1998లో సెర్గీ బ్రిన్ జింప్ అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌లో తనే చేసుకున్నాడు, ఆ తర్వాతే రూత్ కెడార్ అనే డిజైనర్ చేతికి ఆ పని వెళ్ళింది. కోకా-కోలా అక్షరాలు రాసింది ఆ కంపెనీ లెక్కలు చూసే ఫ్రాంక్ రాబిన్‌సన్.

సరే, మీరే చేసుకుంటున్నారు అనుకుందాం. బొమ్మ జోలికి పోకండి. ఎర్ర మిరపకాయ, రోలు, జాడీ, ముడి పెట్టుకున్న బామ్మ: పచ్చళ్ళ వాళ్ళలో సగం మంది లోగోలు ఈ నాలుగింటితోనే నడుస్తున్నాయి, మీది ఐదోది కాదు, వెయ్యిన్నొకటోది అవుతుంది. పేరు మాత్రం శుభ్రంగా, మంచి అక్షరాల్లో రాసుకోండి, అంతే. తెలుగు ఫాంట్లకి కరువేమీ లేదు. రామభద్ర, మండలి, ధూర్జటి, సూరన్న లాంటివి గూగుల్ ఫాంట్స్‌లో ఉచితంగా దొరుకుతాయి, వాటి లైసెన్సు ప్రకారం లోగోకి, వ్యాపారానికి వాడుకోవచ్చు. ఇంక్‌స్కేప్ అనే డిజైన్ సాఫ్ట్‌వేర్ కూడా ఉచితమే, తెలుగు అక్షరాలు చెదరకుండా చూపిస్తుంది. ఫొటోషాప్‌లో అయితే సెట్టింగ్ సరిగ్గా లేకపోతే వత్తులు పక్కకి వచ్చి కూర్చుంటాయి, అది తెలియక అలాగే ప్రింట్‌కి పంపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు.

వత్తుల మాట వచ్చింది కాబట్టి కాస్త వివరంగా చెప్తాను, ఎందుకంటే సొంత లోగోలు దెబ్బతినేది ఎక్కువగా ఇక్కడే. 'పచ్చళ్ళు' అన్న మాటే తీసుకోండి. చకారం కింద ఒక వత్తు, దాని పక్కనే ళకారం కింద ఇంకో వత్తు. ఈ మాటని గుండ్రటి మూత స్టిక్కర్ మీద పైఅంచు వెంబడి వంపుగా రాశారనుకోండి, అక్షరాల తలలు విచ్చుకుంటాయి, కాళ్ళు మధ్యలోకి దగ్గరపడతాయి. అంటే ఆ రెండు వత్తులూ ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. రెండు అంగుళాల స్టిక్కర్‌లో అక్కడ కనిపించేది ఒక నల్లటి ముద్ద. పైగా ఫోన్ యాప్‌లలో వంపు తిప్పే బటన్ నొక్కితే కొన్నిసార్లు అక్షరం నుంచి గుణింతం ఊడిపోయి విడిగా కూర్చుంటుంది. కాబట్టి గుండ్రటి స్టిక్కర్ అయినా పేరు తిన్నగానే రాయండి, వత్తులున్న వరుసకి కింద బాగా జాగా వదలండి, వంపు కావాలంటే ఊరి పేరో ఫోన్ నంబరో ఇంగ్లీష్‌లో తిప్పుకోండి. లేబుల్ మీద ఎలాగూ 14 అంకెల ఎఫ్ఎస్ఎస్ఏఐ (ఆహార లైసెన్సు) నంబరు, ఆకుపచ్చ చుక్క, బరువు, ధర, తేదీలు అన్నీ పట్టాలి; లోగోయే సగం మింగేస్తే ఇవి చీమల్లా అయిపోతాయి.

అయ్యాక పరీక్ష పెట్టండి. మూత సైజులో నలుపు తెలుపులో ప్రింట్ తీసి, ఆ ప్రింట్‌ని మళ్ళీ జెరాక్స్ తీయండి. ఆ జెరాక్స్ కాగితం మీద పేరు ఇంట్లో పెద్దవాళ్ళు కళ్ళజోడు లేకుండా చదవగలిగితే పాసైనట్టే. రంగులు కలగలిసిపోయే షేడ్లు, బంగారం మెరుపులు ఫోన్‌లో ఎంత ముద్దుగా ఉన్నా క్యారీబ్యాగ్ మీద ఒక్క రంగు స్క్రీన్ ప్రింటింగ్‌లో రావు, రబ్బరు స్టాంపులో అసలే రావు. వాట్సాప్ డీపీ గుండ్రంగా కత్తిరిస్తుంది, అదీ చూసుకోండి.

కాన్వా వాడేవాళ్ళకి ఒక్క మాట. అందులోని రెడీమేడ్ లోగో టెంప్లేట్లు, బొమ్మలు మీ ఒక్కరి సొత్తు కావు, అదే బొమ్మని పక్క వీధిలో ఇంకొకరు కూడా వాడుకోవచ్చు, కాబట్టి వాటి మీద ట్రేడ్‌మార్క్ హక్కు అడగడం కుదరదు. ఫాంట్లు, మామూలు గీతలు, ఆకారాలతో మీరు కూర్చుకున్నదైతే పర్లేదు. ఇక ఏఐతో బొమ్మ గీయించేవాళ్ళకి: తెలుగు అక్షరాలు ఒక్కొక్కటీ పెద్దది చేసి చూసుకోండి, లేని వత్తులు కనిపెట్టడంలో దాని తర్వాతే ఎవరైనా.

ఇప్పుడు డిజైనర్ సంగతి. ముందు ఒక నిజం చెప్పాలి, మా వాళ్ళు తిట్టుకున్నా సరే: ఫ్లెక్సీ ఆర్డర్‌తో పాటు 'లోగో ఫ్రీ' అని చేసిచ్చేది డిజైన్ కాదు. ఆపరేటర్ కోరెల్‌డ్రా తెరిచి, ఎవరిదో పాత ఫైల్లో పేరు మార్చి పది నిమిషాల్లో ఇస్తాడు. ఫ్లెక్సీకి అది చాలు, బ్రాండ్‌కి చాలదు. అసలైన డిజైనర్ల దగ్గర ధర కొన్ని వేల నుంచి ఏజెన్సీ అయితే లక్షల దాకా ఉంటుంది, ధరని బట్టి కాకుండా వాళ్ళు ఇంతకుముందు చేసిన తెలుగు అక్షరాల పని చూసి ఎంచుకోండి. ఇన్‌స్టాగ్రామ్‌లో పెట్టుకున్న చక్కటి బొమ్మలు కాదు, నిజంగా ప్రింటైన డబ్బా, బోర్డు చూపించమనండి. తెలుగు చదవడం రాని డిజైనర్ ఇంగ్లీష్ పేరుకి ప్రాణం పెట్టి, తెలుగు పేరుకి ఏదో ఒక ఫాంట్ తగిలించేయడం మామూలే.

బడ్జెట్ తక్కువైతే హైదరాబాద్ మాసబ్‌ట్యాంక్‌లోని ఫైన్ ఆర్ట్స్ యూనివర్సిటీ జేఎన్ఏఎఫ్ఏయూలో అప్లైడ్ ఆర్ట్ చదివే పిల్లలున్నారు, విశాఖలో ఆంధ్రా యూనివర్సిటీ ఫైన్ ఆర్ట్స్ వాళ్ళున్నారు. నైకీ గుర్తు 1971లో 35 డాలర్లకి గీసింది కూడా కరోలిన్ డేవిడ్‌సన్ అనే విద్యార్థినే. నాకు ఇంకా ఇష్టమైన దారి ఒకటుంది: ఫ్లెక్సీలు రాకముందు బోర్డులు రాసిన ఆర్టిస్టులు చాలా ఊళ్ళలో ఇంకా ఉన్నారు. మీ పేరు బ్రష్‌తో రకరకాలుగా కాగితం మీద రాయించుకుని, నచ్చినదాన్ని స్కాన్ చేసి, డిజైనర్ చేత గీతలు శుభ్రం చేయిస్తే ఏ ఫాంట్‌లోనూ దొరకని అక్షరం మీదవుతుంది. ఇద్దరికీ ఇచ్చినా పెద్ద ఖర్చు కాదు.

పని అప్పగించేటప్పుడు 'ఏదైనా కొత్తగా చెయ్యండి' అనొద్దు. అలా అంటే ఆయన పది చేస్తాడు, మీ ఇంట్లో పది మందికి పది నచ్చుతాయి, నెల గడిచిపోతుంది. ఏ సైజు డబ్బా, ఎన్ని రంగుల ప్రింట్, కొనేది వీధిలో వాళ్ళా విదేశాల్లో వాళ్ళా, మీ పక్కన షెల్ఫ్‌లో ఎవరెవరి డబ్బాలు ఉంటాయి, ఇవి చెప్పండి, వీలైతే ఆ డబ్బాలే పట్టుకెళ్ళండి. ఎన్నిసార్లు కరెక్షన్లు చేస్తారు, ఆ తర్వాత ఎంత తీసుకుంటారు అన్నది ముందే తేల్చుకోండి. ఇంట్లో చివరి మాట ఎవరిదో అది కూడా.

డబ్బిచ్చి చేయించుకున్నాం కాబట్టి లోగో మనదే అనుకుంటారు అందరూ. కాపీరైట్ చట్టం అలా అనదు. బయటి డిజైనర్ గీసిన లోగో మీద హక్కు రాతపూర్వకంగా బదిలీ చేయకపోతే మామూలుగా ఆయన దగ్గరే ఉంటుంది. రాసిచ్చినా కాలం పేర్కొనకపోతే ఐదేళ్ళకే అన్నట్టు లెక్క, ప్రాంతం పేర్కొనకపోతే భారతదేశానికే పరిమితం. విదేశాలకి పచ్చడి పంపేవాళ్ళకి ఈ రెండో మాట ముఖ్యం. కాబట్టి చివరి వాయిదా డబ్బు ఇచ్చేటప్పుడు, హక్కులన్నీ కాపీరైట్ ఉన్నంత కాలం, ప్రపంచమంతటా మీకే అని ఒక కాగితం రాయించి సంతకం తీసుకోండి.

ఫైళ్ళు కూడా అప్పుడే. జేపీజీ ఒక్కటి వాట్సాప్‌లో పంపి చేతులు దులుపుకుంటే ఒప్పుకోవద్దు, బోర్డు సైజుకి పెంచితే అది పిక్సెల్ పిక్సెల్‌గా పగిలిపోతుంది. ఎంత పెంచినా పగలని వెక్టర్ ఫైల్, అంటే కోరెల్‌డ్రా వాళ్ళ సీడీఆర్ లేదా ఇల్లస్ట్రేటర్ వాళ్ళ ఏఐ ఫైల్, దాంతో పాటు పీడీఎఫ్, ఎస్వీజీ, వెనక రంగు లేని పీఎన్‌జీ, ఒక్క నలుపులో ఒకటి, ముదురు రంగు మీద తెలుపులో ఒకటి అడగండి. అక్షరాలు డీటీపీ షాపుల్లో వాడే 'అను' ఫాంట్లలో చేసుంటే 'కర్వ్స్‌లోకి మార్చి ఇవ్వండి', అంటే అక్షరాలని గీతల బొమ్మగా మార్చమని గట్టిగా చెప్పండి; కోరెల్‌లో కంట్రోల్ క్యూ నొక్కడమే, కానీ అది చేయకపోతే ఆ ఫాంట్ లేని ప్రెస్‌లో మీ పేరు పిచ్చి గుర్తులుగా తెరుచుకుంటుంది.

ట్రేడ్‌మార్క్ విషయంలో తొందర ఉంది కానీ లోగో తేలలేదు అంటే, పేరుని మాత్రమే వర్డ్ మార్క్‌గా ముందు వేసేయండి. వ్యక్తులకి ఆన్‌లైన్‌లో ఒక్కో క్లాసుకి, అంటే ఒక్కో సరుకు వర్గానికి, 4,500 రూపాయలు ఫీజు; పచ్చళ్ళు 29వ క్లాసు, మసాలా పొడులు 30, కాబట్టి రెండూ అమ్మితే రెండు ఫీజులు. పేరు రిజిస్టరైతే లోగో ఎన్నిసార్లు మార్చినా పేరు మీద హక్కు అలాగే ఉంటుంది. అయితే ఊరి పేరుకి సరుకు పేరు తగిలించినవి, 'గుంటూరు పచ్చళ్ళు' లాంటివి, ఒట్టి పేరుగా రిజిస్టర్ కావడం కష్టం. అలాంటి పేరు పెట్టుకున్నవాళ్ళకి లోగోయే దిక్కు, కాబట్టి వ్యాపారం చిన్నదైనా సరే మొదట్లోనే డిజైనర్‌కి ఇవ్వమంటాను. దరఖాస్తు వేశాక పేరు పక్కన టీఎం అని పెట్టుకోవచ్చు. సున్నాలో ఆర్ ఉండే గుర్తు మాత్రం రిజిస్ట్రేషన్ రాకముందు పెడితే నేరం, స్టిక్కర్ ఆర్డర్ ఇచ్చేటప్పుడు ఆపరేటర్ అందం కోసం దాన్ని పెట్టేశాడేమో చూసుకోండి.