తుపాకుల కంపెనీ రాష్ట్రం మారితే అసలు కారణం ఎలా పట్టుకోవాలి

అమెరికాలో తుపాకుల ఫ్యాక్టరీ ఒక రాష్ట్రం వదిలి ఇంకో రాష్ట్రానికి పోతోందంటే, ప్రకటనలో రాసిన కారణం దగ్గరే ఆగిపోకండి. ఒక కాగితం మీద రెండు జాబితాలు వేసుకోండి: ఏది వెళ్తోంది, ఏది ఉండిపోతోంది.

స్మిత్ అండ్ వెసన్ అనే తుపాకుల కంపెనీ సంగతి చూడండి. మసాచుసెట్స్‌లోని స్ప్రింగ్‌ఫీల్డ్ నుంచి టెనసీలోని మేరీవిల్‌కు హెడ్డాఫీసు మారుస్తున్నామని 2021 సెప్టెంబర్ 30న ప్రకటించింది. కొన్ని రకాల తుపాకులను పౌరుల కోసం తయారుచేయకూడదనే బిల్లు మసాచుసెట్స్‌లో వస్తోందని, తమ రాబడిలో 60 శాతానికి పైగా వాటి మీదేనని చెప్పింది. ఇది గట్టి కారణమే. కానీ జాబితా చూస్తే తుపాకుల అసెంబ్లీలో (విడిభాగాలు బిగించే పనిలో) చాలా భాగంతో పాటు కనెక్టికట్‌లోని ప్లాస్టిక్ మోల్డింగ్, మిస్సోరీలోని గోడౌన్ కూడా మేరీవిల్ చేరాయి. మిస్సోరీ గోడౌన్‌కి మసాచుసెట్స్ బిల్లుతో పనేముంది? చెల్లాచెదురుగా ఉన్న పనులను ఒకే కప్పు కిందికి తేవడం రెండో కారణం. ఇక ఫోర్జింగ్ (లోహాన్ని సుత్తులతో కొట్టి రూపం ఇవ్వడం), మెషినింగ్ (యంత్రాల మీద లోహాన్ని కోసి చెక్కడం), రివాల్వర్ల అసెంబ్లీ వెయ్యికి పైగా ఉద్యోగాలతో స్ప్రింగ్‌ఫీల్డ్‌లోనే ఉండిపోయాయి. అసెంబ్లీ బల్లలు లారీ ఎక్కుతాయి. ఫోర్జింగ్ సుత్తుల పునాదులూ, చేయి తిరిగిన పనివాళ్లూ అంత తేలిగ్గా ఎక్కరు.

తర్వాత తేదీలు సరిచూడండి. మరో తుపాకుల కంపెనీ బెరెట్టా విషయంలో, తుపాకులను కట్టడి చేసే మేరీలాండ్ చట్టం 2013లో వచ్చింది, తయారీ మొత్తం టెనసీలోని గాలటిన్‌కు మారుస్తామన్న ప్రకటన 2014లో వచ్చింది. ఇక్కడ చట్టమే ముందు. రెమింగ్టన్ అనే తుపాకుల కంపెనీని మాత్రం ఆ లెక్కలో వేయొద్దు. 2018లో, 2020లో రెండుసార్లు దివాలా తీసి, ముక్కలుగా అమ్ముడుపోయాకే కొత్త యజమానులు జార్జియా వైపు చూశారు. న్యూయార్క్‌లోని ఇలియన్ ప్లాంటు 2024లో మూతపడింది.

పన్ను కోసమే పోయారనే మాటనూ విడదీసి చూడాలి. పిస్టళ్ల మీద 10 శాతం, రైఫిళ్ల మీద 11 శాతం ఎక్సైజు కేంద్రానిది, ఎక్కడికి పోయినా తప్పదు. తేడా వచ్చేది రాష్ట్ర పన్నుల్లో, రాయితీల్లో.

తరలింపు ఎక్కువగా చిక్కుపడేది కాగితాల దగ్గర. తయారీ లైసెన్సు చిరునామాకు కట్టుబడి ఉంటుంది. మారడానికి కనీసం 30 రోజుల ముందే దరఖాస్తు పెట్టాలి, సవరించిన లైసెన్సు చేతికొచ్చేదాకా కొత్త షెడ్డులో తయారీ మొదలుపెట్టకూడదు. తుపాకీ మీద ఊరు, రాష్ట్రం పేర్లు కనీసం 0.003 అంగుళం లోతున చెక్కాలి. అంటే చిరునామా మారితే పేర్లు చెక్కే లేజర్ యంత్రాల ప్రోగ్రాములూ మార్చాలి. ఈ ఖాళీలో సరుకు ఆగకుండా ఉండాలంటే పాత చోటే ముందుగా స్టాకు కట్టుకోవాలి.