ముఖం చూసి బొట్టు పెట్టకుండా: రేసు తర్వాత కార్ల తనిఖీ

రేసు అయ్యాక టెక్నికల్ తనిఖీ మీద గొడవ రేగితే, కొలత తప్పనే వాదన కన్నా ముందు వినిపించేది "మా కారునే ఎందుకు చూశారు?" అన్న మాట. కార్టింగ్ అయినా ఫార్ములా వన్ అయినా, దీనికి జవాబు కార్లను తనిఖీ చేసే అధికారి, అంటే స్క్రూటినీర్ దగ్గర రేసుకు ముందే కాగితం మీద ఉండాలి.

2023లో ఆస్టిన్‌లో జరిగిన అమెరికా గ్రాండ్ ప్రి చూడండి. కారు అడుగున ఉండి, నేలకు రాసుకుంటే అరిగే పలకను ప్లాంక్ అంటారు. దాని అరుగుదలను నాలుగు కార్లకే కొలిచారు. డ్రైవర్లు హామిల్టన్, లెక్లెర్ కార్లు తప్పాయి. వెర్‌స్టాపెన్, నారిస్ కార్లు నెగ్గాయి. మిగతావాటి ప్లాంకులు చూడనే లేదు. నిబంధన ప్రకారం అందులో తప్పేమీ లేదు. కానీ ట్రాకు గతుకులది, అసలు రేసుతో పాటు చిన్న రేసు కూడా ఉండే స్ప్రింట్ వారాంతం కావడంతో ప్రాక్టీసు ఒక్కటే. ఆ ఇబ్బంది అందరికీ ఉన్నదే. చూసిన నాలుగింటిలో రెండు పోయాక, చూడనివాటి మీద అనుమానం రాక మానదు.

అందుకే ఎంపికను ఇలా రాసిపెట్టుకోండి. మొదటి మూడు స్థానాల కార్లకు అన్ని అంశాలూ చూడాలి. మరో రెండు కార్లను జట్ల ప్రతినిధుల ఎదుట చీటీ తీసి ఎంచాలి. ఏ అంశంలోనైనా ఒక్క కారు తప్పితే, అదే అంశాన్ని రేసు ముగించిన కార్లన్నిటికీ చూడాలి. ఈ మూడోది రాయకుండా వదిలేస్తేనే తంటా. అంత సమయం లేదనిపిస్తే ముందురోజే ఒక కారు మీద గడియారం పెట్టి చూసుకుని, అంశాలు తగ్గించండి. కార్లను మాత్రం తగ్గించకండి.

కార్లు పార్క్ ఫెర్మేలోకి, అంటే తనిఖీకి కార్లను కాపలాలో ఉంచే చోటికి వచ్చాక ఎవరి చేయీ వాటి మీద పడకూడదు. 2021 బ్రెజిల్‌లో వెర్‌స్టాపెన్ హామిల్టన్ కారు వెనక రెక్కను తాకినందుకు 50,000 యూరోల జరిమానా పడింది. తనిఖీలో ఆ రెక్క కొలత తప్పడంతో, ఆ తాకిడి వల్లే తేడా వచ్చిందా అన్నది రేసు తీర్పరులైన స్టీవార్డులు విడిగా తేల్చాల్సి వచ్చింది.

ఇక బరువు. కాటా నాలుగు పళ్లేలూ ఒకే మట్టంలో ఉండాలి. నేల వాలుగా ఉంటే కారు మారినప్పుడల్లా అంకె మారుతుంది. తెలిసిన బరువులు పెట్టి, తూకానికి ముందూ తర్వాతా జట్టు మనిషి కళ్ల ముందే సరిచూడండి. కారును వచ్చింది వచ్చినట్టు ఒకసారి, ఇంధనం తీశాక మరోసారి తూచండి. 2024 బెల్జియం గ్రాండ్ ప్రిలో గెలిచిన రస్సెల్ కారు మొదటి తూకంలో సరిగ్గా 798 కిలోలు, అంటే అప్పటి కనీస బరువే. 2.8 లీటర్ల ఇంధనం తీశాక 796.5కు దిగింది. రెండు కాటాల మీదా తూచి, అవి సరిగా ఉన్నాయని జట్టుకు చూపించారు కాబట్టి తూకం మీద వాదనకు చోటు లేకపోయింది. విరిగిన భాగానికి బదులు అదే రకం విడిభాగం పెట్టి తూచాలి. 2025 చైనాలో లెక్లెర్ కారును కొత్త ముందు రెక్కతోనే తూచారు. అయినా 800 ఉండాల్సింది 799 వచ్చింది.

ప్లాంక్ కొత్తగా ఉన్నప్పుడు 10 మిల్లీమీటర్లు; అరిగాక 9కి తగ్గకూడదు. నిర్ణీత రంధ్రాల దగ్గరే కొలవాలి. చల్లారనిచ్చి, దుమ్మూ రబ్బరూ తుడిచి, మైక్రోమీటర్ సున్నా సరిచూసి, ఒక్కో చోట మూడుసార్లు కొలిచి మూడు అంకెలూ రాయండి. పరికరం కాస్త వాలినా, అంచున లేచిన పొర మీద పెట్టినా మందం ఎక్కువ చూపిస్తుంది, తప్పిన కారు నెగ్గిపోతుంది. 2025 లాస్ వేగాస్‌లో నారిస్ కారుకు 8.88, 8.93, పియాస్ట్రీ కారుకు 8.74 దాకా వచ్చాయి. జట్టు ప్రతినిధుల ఎదుట మళ్లీ కొలిచారు. కావాలని చేసింది కాదని స్టీవార్డులే ఒప్పుకున్నారు, అయినా ఇద్దరినీ అనర్హులను చేశారు. కఠినంగా అనిపించినా అదే సబబు: ఉద్దేశాన్ని కొలిచే మైక్రోమీటర్ లేదు కదా.

పరికరం కొలతలో ఉండే కాస్త తేడాను ఎవరి ఖాతాలో వేయాలో కూడా ముందే ప్రకటించండి. షెడ్డులో నిలబడి "అర మిల్లీమీటరే కదా, పోనీ" అనడం మొదలైతే రెండో కారు దగ్గర ఆగలేరు. 1999 మలేషియాలో బార్జ్‌బోర్డుల (కారు పక్కన గాలిని మళ్లించే పలకల) కొలత మీద ఫెరారీలను అనర్హులుగా ప్రకటిస్తే, తేడా 5 మిల్లీమీటర్ల మినహాయింపులోనే ఉందని అప్పీల్ కోర్టు ఆ నిర్ణయాన్ని కొట్టేసింది. కొలిచేటప్పుడు భాగాన్ని ఏ కోణంలో, దేనికి ఆనించి పట్టుకున్నారో రాయకపోతే మీ అంకె నిలబడదు.

స్క్రూటినీర్ శిక్ష మాట ఎత్తకూడదు. కారు నంబరు, నిబంధన సంఖ్య, పరికరం, అంకెలు, సమయం, సాక్షి సంతకం, ఇవే నివేదికలో ఉండాలి. నిర్ణయం స్టీవార్డులది. తప్పిన భాగాన్ని సంచిలో పెట్టి, సీలు మీద జట్టు ప్రతినిధి చేత కూడా సంతకం పెట్టించి, అప్పీలు గడువు దాటేదాకా తాళం వేసి ఉంచండి. నెగ్గిన కార్ల అంకెలను కూడా ఆ ఫైలులోనే భద్రపరచండి. రెండు కార్లను ఒకేలా చూశారా అని అప్పీలులో అడిగితే చూపించాల్సింది అవే.