బోర్లు ఎండేలోగా ఫైర్ స్ప్రింక్లర్ల నీళ్ళు చూసుకోండి

శివరాత్రికి చలి శివశివా అంటూ పోయిందంటే ఇంటింటా ఏసీలు మొదలవుతాయి. అప్పటిదాకా ఊరికే ఉన్న వైర్ల మీద రాత్రంతా లోడు పడుతుంది. 2025 మే 18న హైదరాబాద్‌లో చార్మినార్ దగ్గర గుల్జార్ హౌస్‌లో పొద్దున్నే అంటుకున్న మంటలకు ఒకే కుటుంబానికి చెందిన 17 మంది పోయారు. వాళ్ళలో 8 మంది చిన్నపిల్లలు. ఇరుకు దారి, లోపల కమ్మేసిన పొగ. ఫైరింజన్ వచ్చేలోపు గడిచే ఆ కాసిని నిమిషాల కోసమే ఇంట్లో స్ప్రింక్లర్లు, అంటే మంట వేడికి పైకప్పు నుంచి వాటంతటవే నీళ్ళు చిమ్మేవి, ఉండాలని నేను అందరికీ చెబుతుంటాను.

చాలామందికి ఒక భయం ఉంది: ఎవరో సిగరెట్ కాలిస్తే ఇల్లంతా వాన కురిసి సామాను పాడైపోతుందని. అలా జరగదు. స్ప్రింక్లర్‌కు పొగతో పని లేదు, వేడితోనే పని. దాని నోటికి అడ్డంగా చిన్న గాజు బల్బు ఉంటుంది, అందులో రంగు ద్రవం. ఎరుపైతే 68 డిగ్రీలకు పగులుతుంది, పసుపైతే 79కి, ఆకుపచ్చైతే 93కి. ఏ హెడ్డు (నీళ్ళు చిమ్మే ఆ నోరు) కింద మంట ఉందో ఆ హెడ్డే తెరుచుకుంటుంది. పక్కగదిలో మంచం కూడా తడవదు. ఎండకు పైకప్పు దగ్గర ఎంత వేడి చేరుతుందో చూసి, దానికి కనీసం 30 డిగ్రీలు పైన పగిలే బల్బు పెట్టించాలి. మామూలు గదులకు ఎరుపు సరిపోతుంది. మేడ మీద రేకుల గది ఉంటే మాత్రం అక్కడ ఎరుపు పెట్టనివ్వకండి.

మా అపార్ట్‌మెంట్‌లో హెడ్లు మొదటినుంచీ ఉన్నాయి. ఉన్నాయి కదా అని మేమంతా నిశ్చింతగా నిద్రపోయాం. నిరుడు మార్చిలో నేనూ వాచ్‌మనూ పంపు రూములోకి దిగి చూస్తే పైపుల్లో నీటి ఒత్తిడి చూపే గేజు ముల్లు సున్నా మీద ఉంది. పంపు ప్యానెల్ దానంతటదే నడిచే ఆటో నుంచి మాన్యువల్‌కు తిప్పి ఉంది. "ముందటి ఎండాకాలం బోరు ఎండినప్పుడు ఫైర్ సంపు నీళ్ళే ఇళ్ళకు ఎక్కించినం సార్, నీళ్ళు లేక పంపు ఒకటే మొత్తుకుంటుంటే బంద్ చేసినం" అన్నాడతను. అతన్నేమంటాం, వాడుకున్నది మేమే. దాదాపు ఏడాదిపాటు మా పిల్లలు ఉత్త పైపుల కింద పడుకున్నారన్నమాట. ఆ మాట ఇప్పుడు తలుచుకున్నా నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

అందుకే ముందు చూడాల్సింది నీళ్ళు. ట్యాంకర్ల కోసం ఎదురుచూసే రోజుల్లో కూడా ఫైర్ నీళ్ళు ముట్టుకోకూడదని అసోసియేషన్ మీటింగులో రాసుకోండి. రెండూ ఒకే సంపైతే, ఇళ్ళకు వెళ్ళే పైపును పై ఎత్తులోంచి తీయించండి. అప్పుడు అడుగున ఉన్న నీళ్ళు ఎవరూ వాడలేరు. ప్యానెల్ ఆటోలో ఉందా, వాల్వులు పూర్తిగా తెరిచి ఉన్నాయా చూశాక, లైను చివర ఉండే టెస్ట్ వాల్వు తిప్పించండి. మా దగ్గర మొదట నల్లటి తుప్పునీళ్ళు కంపు కొడుతూ వచ్చాయి, తర్వాత తేటపడ్డాయి, ఆపైన నీళ్ళు పారితే మోగే అలారం గంట మోగింది. ఆ గంట విన్నాకే నా మనసు కుదుటపడింది.

సొంతిల్లు కట్టుకుంటున్నవాళ్ళు "మేడ మీద ట్యాంకు ఉంది కదా" అనుకుంటారు. పది మీటర్ల ఎత్తుకు గానీ ఒక బార్ ఒత్తిడి రాదు. హెడ్డు సరిగ్గా చిమ్మాలంటే కనీసం అర బార్ కావాలి. పై అంతస్తుకు ట్యాంకు ఎత్తు చాలదు కాబట్టి పంపు తప్పదు, కరెంటు పోయినా అది నడిచే ఏర్పాటూ తప్పదు. మామూలు సైజు హెడ్డు ఆ అర బార్ ఒత్తిడిలో నిమిషానికి 56 లీటర్ల దాకా వదులుతుంది. రెండు హెడ్లు పది నిమిషాలు పనిచేయాలంటే 1,100 లీటర్లకు పైగా విడిగా ఉంచాలి. కుళాయిలకు వేసే పీవీసీ పైపులు దీనికి వద్దు. ఫాల్స్ సీలింగ్ మూయకముందే పైపుల్లో ఒత్తిడి పెట్టించి, రెండు గంటలు గేజు ముల్లు కదలకుండా ఉంటేనే మేస్త్రీకి పైకం ఇవ్వండి.

హెడ్డు సీలింగ్ ఫ్యాను మధ్య నుంచి కనీసం 3 అడుగుల దూరంలో ఉండాలి. అల్మరా మీద పెట్టెలు పేర్చితే హెడ్డుకూ వాటికీ మధ్య అడుగున్నర ఖాళీ వదలండి. పండక్కి తోరణాలు, సీరియల్ లైట్లు దానికి కట్టకండి. రంగులు వేయిస్తుంటే దగ్గరుండి కవర్లు తొడిగించి, పని కాగానే తీయించండి. రంగు పడిన హెడ్డును గీకి శుభ్రం చేస్తే లాభం లేదు, మార్చాల్సిందే.

వంటగదిలో స్ప్రింక్లర్ ఉన్నా మూకుడులో నూనె అంటుకుంటే మీ చేత్తో నీళ్ళు పోయకండి. అందితే స్టవ్ ఆపి మూత పెట్టండి.

హెడ్డు పగిలి నీళ్ళు పడుతుంటే అందర్నీ తీసుకుని మెట్లమీదుగా బయటికి వచ్చి 101కి గానీ 112కి గానీ ఫోన్ చేయండి. సామాను తడుస్తోందని వాల్వు కట్టేయకండి. మంట పూర్తిగా ఆరిందని ఫైర్‌వాళ్ళు చెప్పాకే కట్టాలి. ఆ వాల్వు ఎక్కడుందో, గది తాళం ఎవరి దగ్గరుందో రాత్రి డ్యూటీ వాచ్‌మన్‌కు కూడా చూపించండి, అతను మారినప్పుడల్లా కొత్తవాడికి మళ్ళీ చూపించండి.