పాత కారు కరెంటు పని – 5వ పాఠం: ఫ్యూజు మళ్లీ మళ్లీ పోతుంటే

పోయిన పాఠంలో ఫ్యూజు బాక్సు మూత తీసి, ఏ ఫ్యూజు దేనిదో కాగితం మీద రాసుకోమన్నాను. ఆ కాగితం ఇవాళ పక్కన పెట్టుకోండి.

మా బావగారి పాత కారులో పార్కింగ్ లైట్ల ఫ్యూజు పోతూ ఉండేది. కొత్తది వేస్తే రెండు రోజులు బాగుండేది, మూడో రోజు రాత్రి వెనక లైట్లు ఉండేవి కావు. చివరికి ఆయన విసిగిపోయి 10 ఆంప్స్ ఎర్ర ఫ్యూజు తీసేసి 20 ఆంప్స్ పసుపుది పెట్టారు. సిగరెట్ పెట్టెలోని వెండి కాగితం చుట్టేవాళ్లనూ చూశాను. అలా చేస్తే ఫ్యూజు నిలుస్తుంది, కాలిపోయేది డ్యాష్‌బోర్డు వెనక వైరు. ముందు ఆ పసుపుది పీకించాను.

పోయిన ఫ్యూజును వెలుతురుకు పట్టి చూడండి. లోపలి తీగ ఎగిరిపోయి ప్లాస్టిక్ మసిబారితే చాలావరకు షార్టే, అంటే ప్లస్ వైరు ఎక్కడో బాడీకి తగులుతోంది. తీగ మధ్యలో కరిగి చిన్న సందు మాత్రం ఉంటే లోడు ఎక్కువైందేమో అనుకోవచ్చు.

ఆ అనుమానం తీరాలంటే లెక్క వేయాలి. పార్కింగ్ స్విచ్చు వేస్తే ముందు రెండు, వెనక రెండు, నంబర్ ప్లేటుకొకటి వెలుగుతాయి. ఒక్కోటి 5 వాట్లయితే మొత్తం 25. దాన్ని 12 వోల్టులతో భాగిస్తే 2 ఆంప్స్ పైచిలుకు. మీటరు లోపలి బుల్లి బల్బులు కలిపినా 10 ఆంప్స్ దరిదాపుల్లోకి రాదు. కాబట్టి మన కేసులో దొంగ షార్టే.

ఇక్కడ చాలామంది మల్టీమీటరు తీసి, ఫ్యూజు కాలికీ బాడీకీ మధ్య ఓమ్స్ (అంటే నిరోధం) చూసి, ‘అమ్మో, ఒక ఓమ్ కూడా లేదు, షార్టే’ అని గాభరా పడతారు. నేనూ పడ్డాను. చల్లగా ఉన్న బల్బు తీగకు నిరోధం చాలా తక్కువ, వెలిగేటప్పటి దానిలో దాదాపు పదో వంతు. అలాంటివి ఐదు పక్కపక్కన ఉంటే మంచి సర్క్యూట్ కూడా మీటరుకు షార్టులాగే కనిపిస్తుంది. బల్బులన్నీ పీకాకే ఆ అంకెను నమ్మాలి.

అంతకన్నా తేలికైన సాధనం 21 వాట్ల ఇండికేటర్ బల్బు. పోయిన ఫ్యూజొకటి తీసుకుని, లోపలి తీగ పూర్తిగా తెగిందని చూసుకుని, రెండు కాళ్లకు పొడుగాటి వైర్లు సోల్డర్ చేయండి. వాటి చివర హోల్డరు, అందులో బల్బు. దీన్ని ఫ్యూజు చోట గుచ్చి పార్కింగ్ స్విచ్చు వేయండి. షార్టు లేకపోతే 12 వోల్టులను పార్కింగ్ బల్బులతో పంచుకోవాలి కాబట్టి మన బల్బు మసకగా వెలుగుతుంది. షార్టు ఉంటే 12 వోల్టులూ దీనికే వచ్చి భగ్గున వెలుగుతుంది. అప్పుడు కూడా పారేది 2 ఆంప్స్ లోపే, వైర్లకు ఏమీ కాదు. గంటసేపు వెతికినా ఒక్క ఫ్యూజూ ఖర్చు కాదు. బల్బు మాత్రం బాగా వేడెక్కుతుంది, సీటు మీదా కార్పెట్ మీదా పెట్టకండి. ఎయిర్‌బ్యాగ్ ఫ్యూజు జోలికి ఈ పద్ధతితో వెళ్లకండి.

స్విచ్చు ఆపి ఉన్నా వెలిగితే షార్టు ఫ్యూజుకూ స్విచ్చుకూ మధ్యే. స్విచ్చు వేశాకే వెలిగితే దాని తర్వాత. అప్పుడు వెనక్కి వెళ్లే వైరు కనెక్టరు ఊడదీయండి. వెలుగు తగ్గితే గొడవ వెనక భాగంలో, తగ్గకపోతే ముందు భాగంలో. అలా సగం సగం కోసుకుంటూ పోవాలి.

మా బావగారి కారులో బల్బు మసకగానే వెలిగింది. అంతా బాగానే ఉంది మరి! అరగంట వైర్లు కదిపాం. చివరికి టీ తాగుదామని ఆయన డిక్కీ దించారు, ఫ్యూజు బాక్సు దగ్గర మన బల్బు భగ్గుమంది. ఎత్తితే మసక, దించితే భగ్గు. వెనక లైట్లు చూడటానికి ప్రతిసారీ డిక్కీ ఎత్తే ఉంచాం కదా, షార్టు దొరక్కపోవడం అందుకే.

కీలు దగ్గర రబ్బరు గొట్టం వెనక్కి లాగితే నంబర్ ప్లేటు వైరు పైతొడుగు పగిలి రాగి బయటికొచ్చింది, రేకు అంచున నల్ల మచ్చ. ఏళ్ల తరబడి మడతపడిన చోటే. అక్కడ టేపు చుట్టి వదిలేస్తే నెలలో జారిపోతుంది. మడతకు అటూ ఇటూ జానెడు దూరంలో కోసి, అదే మందం వైరు కొత్త ముక్క వేసి, అతుకులు సోల్డర్ చేసి స్లీవ్ తొడిగాం. రబ్బరు గొట్టం సరిగ్గా కూర్చోబెట్టి, డిక్కీ పాతికసార్లు ఎత్తి దించాం. బల్బు మసకగానే ఉంది. అప్పుడు ఎర్ర 10 వేశాం.

మీ కారులో డిక్కీ దగ్గర ఏమీ దొరక్కపోతే తలుపు కీళ్లు, స్టీరియో పెట్టినప్పుడు కోసి వదిలేసిన వైర్లు, ఎలుకలు కొరికిన చోట్లు చూడండి.

అభ్యాసం: వచ్చే పాఠంలోపు ఆ 21 వాట్ల బల్బు సాధనం తయారు చేసి, మంచి సర్క్యూట్లో పెట్టి మసక వెలుగు ఎలా ఉంటుందో చూసి పెట్టుకోండి. ఆరో పాఠంలో వైపర్ మోటారు ఫ్యూజు, అంటే షార్టు లేకుండా లోడు వల్ల పోయే రకం.