తెర మీద పాట నడుస్తున్నా చప్పుడు లేదా? కారు స్టీరియోలో లోపం ఇలా పట్టండి

స్టీరియో ఆన్ అవుతుంది, పాట పేరు కనిపిస్తుంది, సెకండ్లు కదులుతుంటాయి. స్పీకర్లలో మాత్రం చప్పుడుండదు. వెంటనే కొత్త సెట్టుకు బేరం పెట్టకండి. తెర వెలిగిందంటే ఫ్యూజు, కరెంటు, ఎర్త్ దాదాపు బాగున్నట్టే. ముందు అనుమానించాల్సింది సెట్టు వెనక నుంచి డోర్ల దాకా పోయే స్పీకర్ వైర్లను.

పానా పట్టకుండానే తేలేవి కొన్నున్నాయి. మ్యూట్ తీసేయండి, ఫేడర్ (ముందు-వెనక), బ్యాలెన్స్ (ఎడమ-కుడి) రెండూ మధ్యకు తెండి. ఆకాశవాణి వరంగల్ పెట్టి వినండి. రేడియో వచ్చి బ్లూటూత్ రాకపోతే వైరింగ్ జోలికి పోవద్దు. ఫోన్‌లో ఆ కనెక్షన్‌కు మీడియా ఆడియో ఆఫ్‌లో ఉందేమో, ఫోన్ వాల్యూమ్ కిందికుందేమో చూడండి. ఆండ్రాయిడ్ సెట్టయితే ముందున్న చిన్న రంధ్రంలో పిన్నుతో రీసెట్ నొక్కండి. రివర్స్ గేరు వేస్తే మ్యూట్ అయ్యే సెట్లుంటాయి. కెమెరా కోసం లాగిన రివర్స్ వైరుకు ఎక్కడైనా ఎప్పుడూ 12 వోల్టులు తగులుతుంటే సెట్టు మూగబోతుంది.

అయినా రాకపోతే సెట్టు బయటికి తీయాలి. 10 నంబర్ పానా, మల్టీమీటర్, ఇన్సులేషన్ టేపు, ఒక 1.5 వోల్టు సెల్లు, బాగా పనిచేసే 4 ఓమ్‌ల పాత స్పీకర్ ఒకటి దగ్గర పెట్టుకోండి. బ్యాటరీ మైనస్ విప్పే ముందు కంపెనీ సెట్టు మళ్లీ ఆన్ కావడానికి కోడ్ అవసరమేమో బుక్కులో చూసుకోండి. లోపల పసుపు రంగు కప్లర్లు (వైర్లను కలిపే ప్లగ్గులు) కనిపిస్తే అవి ఎయిర్‌బ్యాగువి, మీటరు పుల్లలు వాటి దరిదాపుల్లోకి పోనీయొద్దు.

బయట కొనే సెట్లలో రంగులు దాదాపు ఒకటే: తెలుపు ముందు ఎడమ, బూడిద ముందు కుడి, ఆకుపచ్చ వెనక ఎడమ, ఊదా వెనక కుడి. నల్ల గీత ఉన్నది మైనస్. పేరుకే మైనస్, దాన్ని బాడీకి కట్టకూడదు. రెండు వైర్లనూ సెట్టు లోపల స్పీకర్లను పాడించే చిప్, అంటే ఔట్‌పుట్ ఐసీయే నడుపుతుంది. సెట్టు ఆన్‌లో ఉండగా ఏ వైరుకైనా బాడీకీ మధ్య మీటరు పెడితే బ్యాటరీ వోల్టేజీలో సగం, అంటే 6 వోల్టుల చుట్టుపక్కల రావాలి. ఒక్క వైరు బాడీకి తగిలినా ఐసీ కాలిపోకుండా తనంతట తానే ఆగిపోతుంది. కెన్‌వుడ్ సెట్లయితే ‘ప్రొటెక్ట్’ అని చూపిస్తాయి, జేవీసీవి వైరింగ్ చూసుకొమ్మంటాయి. చౌక సెట్లు ఏమీ చెప్పకుండా ఊరుకుంటాయి. ట్రాక్టర్లలో, పాత జీపుల్లో ఒక్క వైరే లాగి రెండోది బాడీకి కట్టే అలవాటు ఇంకా పోలేదు. అలాంటి బండికి కొత్త సెట్టు పెడితే పాడేదెట్లా?

అందుకే అసలు పరీక్ష ఇది. స్పీకర్ కప్లర్ మొత్తం ఊడదీసి, పాత స్పీకర్‌ను నేరుగా సెట్టు తెల్ల వైరుకు, తెలుపు మీద నల్ల గీతున్న వైరుకు కలిపి ఆన్ చేయండి. పాట వచ్చిందా, సెట్టు బాగానే ఉంది, దొంగ బండిలో ఉన్నాడు. ఇప్పుడు కప్లర్ బండి వైపు ఉన్న ఒక్కో జతను 200 ఓమ్‌ల రేంజిలో కొలవండి. 4 ఓమ్‌ల స్పీకర్ 3.2 నుంచి 3.8 దాకా చూపించడం మామూలే. ఎడమ చివర ఒట్టి 1 గానీ ఓఎల్ అని గానీ వస్తే వైరు తెగింది లేదా స్పీకర్ లోపలి తీగ చుట్ట (కాయిల్) కాలింది. 2 చుట్టూ వస్తే ఒకే ఛానెల్‌కు రెండు స్పీకర్లు కట్టారు. తర్వాత ఒక్కో వైరునూ బాడీతో కలిపి కొలవండి, ఇక్కడ మాత్రం ఆ ఒట్టి 1 లేదా ఓఎల్ అనే ఉండాలి. ఏ జత బాడీతో కలిసిందో దాన్ని వదిలేసి మిగతా మూడూ కలిపితే పాటలు వచ్చేస్తాయి. ఆ డోర్ పని తీరిగ్గా చేసుకోవచ్చు.

డోర్‌లో మొదట చూడాల్సింది బండి బాడీకీ డోర్‌కూ మధ్య వైర్లు పోయే రబ్బరు గొట్టం. రోజూ తెరిచి మూసే చోట తొడుగు చిట్లి రాగి పోగులు బయటపడతాయి. పై తొడుగు బాగానే ఉండి లోపల తీగ తెగడం కూడా ఉంటుంది. పాట నడుస్తుండగా డోర్ మెల్లగా ఆడిస్తే వస్తూ పోతూ ఉంటుంది. డోర్ ప్యాడ్ వెనక ప్లాస్టిక్ షీటు చిరిగితే వాన నీళ్లు నేరుగా స్పీకర్ మీద పడతాయి. 2023 జూలైలో వరంగల్, హన్మకొండ కాలనీల్లో మునిగిన బండ్ల సంగతి చెప్పనక్కరలేదు, అలాంటివి కొనేటప్పుడు స్పీకర్ వెనక తుప్పు చూడండి. నిలిపి ఉంచిన బండిలో ఎలుకల పంటి గాట్లు సీటు కింద, కార్పెట్ కింద వెతకాలి.

స్పీకర్‌పై అనుమానముంటే దాని వైర్లు విప్పి 1.5 వోల్టు సెల్లు క్షణం తాకించండి. టప్ మనాలి. మేడారం దాకా ఫుల్ వాల్యూమ్‌లో పోయొచ్చిన బండ్లలో స్పీకర్ ముందుండే కోన్‌ను (గరాటు లాంటి పొర) రెండు చేతుల వేళ్లతో సమంగా నొక్కి చూడండి. గరగరమంటే కాయిల్ ఉబ్బి ఇరుక్కుంది.

డిక్కీలో ఆంప్ (విడి ఆంప్లిఫయర్) ఉంటే దాని లైటు చూడండి. అసలు వెలగకపోతే, సెట్టు నుంచి వచ్చి ఆంప్‌ను ఆన్ చేసే రిమోట్ వైరులో 12 వోల్టులున్నాయా కొలవండి. ఇక్కడో చిక్కుంది: రిమోట్ వైరును నీలం మీద తెల్ల గీతున్నదానికి కాకుండా ఒట్టి నీలానికి కలిపితే, ఆ నీలం ఏంటెన్నాది కాబట్టి చాలా సెట్లలో రేడియో వస్తుంది, యూఎస్‌బీ పెట్టగానే ఆంప్ ఆరిపోతుంది. ఎర్రగా వెలిగితే స్పీకర్ వైర్లు విప్పి చూడండి. ఆంప్ ఎర్త్ బోల్టు కింద పెయింటు గీకకపోయినా ఆంప్ సరిగా పనిచేయదు.

పాత స్పీకర్ నేరుగా కలిపినా పలకకపోతే, బాడీకి తగిలితే సెట్టును మూగబెట్టే ఫోన్ మ్యూట్ వైరు ఎక్కడా అలా తగలకపోతే, ఎనిమిది వైర్లలోనూ 6 వోల్టులు లేకపోతే ఔట్‌పుట్ ఐసీ పోయి ఉండాలి. టీడీఏ 7388 లాంటి 25 కాళ్ల ఐసీలను రిపేరు వాళ్లు మారుస్తారు. ఐసీ వేడిని లాగేసే లోహపు దిమ్మె (హీట్ సింకు) మీద పాత పేస్టు తుడిచి కొత్తది రాయమని చెప్పండి. సెట్టు తిరిగొచ్చాక స్పీకర్లు కలపక ముందే ఒక్కో జత ప్లస్ మైనస్‌ల మధ్య డీసీ కొలవండి. సున్నా చుట్టూ, 50 మిల్లీవోల్టుల లోపే ఉండాలి. వోల్టుల్లో చూపిస్తే కలపొద్దు, కాయిల్ కాలుతుంది.