షుగర్ మీద వచ్చిన పరిశోధనను మనమే చదువుకోవడం ఎలా

కిందటి కార్తీకంలో ఒక తెల్లవారుజామున అక్క ఫోన్ చేసింది. "బావకి ఒళ్ళంతా చెమటలురా, మాట తడబడుతోంది" అంది. పరుగున వెళ్ళి వేలికి సూది గుచ్చి చూస్తే షుగర్ 52. గ్లూకోజు నీళ్ళు తాగించాక తేరుకున్నాడు. అప్పటికి పది రోజులుగా రోజుకి నాలుగు గ్లాసుల రాగిజావతో గడుపుతున్నాడట. "రోజుకి 800 క్యాలరీలే తింటే షుగర్ పోతుంది, ఇంగ్లండ్ డాక్టర్ నిరూపించాడు" అని ఎవరో వాట్సాప్‌లో పంపారు. తిండి తగ్గించాడు కానీ షుగర్‌ని దింపే గ్లిమిపిరైడ్ మాత్ర రోజూ వేసుకుంటూనే ఉన్నాడు.

ఆ డాక్టరు న్యూకాసిల్ యూనివర్సిటీకి చెందిన రాయ్ టేలర్. ఆయన చెప్పింది అబద్ధం కాదు, బావకి చేరింది సగమే. నేను హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరైనవాణ్ణి. వైద్యం తెలీదు గానీ అంకెలంటే భయం లేదు. అసలు పేపరు తెచ్చుకుని వారం రోజులు దాంతోనే కూర్చున్నాను. అలా కూర్చోవడం మీక్కూడా సాధ్యమే.

వైద్య పరిశోధనల్ని వెతికిపెట్టే పబ్‌మెడ్ అనే వెబ్‌సైట్‌లో పరిశోధకుడి పేరు, జబ్బు పేరు కొట్టండి. సారాంశం ఉచితంగానే వస్తుంది. నేను చదివింది 2018లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో అచ్చయిన 'డైరెక్ట్' అనే పేరున్న అధ్యయనం. టేలర్, గ్లాస్గోకి చెందిన మైక్ లీన్ కలిసి నడిపించారు.

మన చూపు నేరుగా ఫలితం మీదికి పోతుంది. దాన్ని ఆపి, ముందు ఎవర్ని తీసుకున్నారో చూడండి. నాకు తెలిసినంతలో పేపరు మొత్తంలో ముఖ్యమైన భాగం అదే. ఇందులో 20 నుంచి 65 ఏళ్ళవాళ్ళు, షుగర్ వచ్చి 6 ఏళ్ళు దాటనివాళ్ళు, ఇన్సులిన్ వాడనివాళ్ళు, బీఎంఐ (ఎత్తుకి తగ్గ బరువుందో లేదో చెప్పే అంకె) 27 నుంచి 45 మధ్య ఉన్నవాళ్ళు ఉన్నారు. దాదాపు అందరూ తెల్లవాళ్ళే. ఒక కాగితం మీద గీత గీసి, ఎడమవైపు వాళ్ళ షరతులు, కుడివైపు మీ సంగతులు రాయండి. బావది రాశాం. వయసు 68. షుగర్ వచ్చి 14 ఏళ్ళు. బరువు 66 కిలోలు, ఎత్తు 1.65 మీటర్లు. బరువును ఎత్తుతో ఒకసారి భాగిస్తే 40, మళ్ళీ భాగిస్తే 24.2, అదే బీఎంఐ. నాలుగింట్లో మూడు కలవలేదు. బావ ఆ కాగితం వైపు చాలాసేపు చూశాడు.

తర్వాత వాళ్ళు ఏం చేశారో చదవండి. రోజుకి 825 నుంచి 853 క్యాలరీలిచ్చే, పొడి కలిపిన పానీయాలతో మూడు నుంచి అయిదు నెలలు ఉంచారు. ఆపైన మామూలు తిండిని మెల్లగా అలవాటు చేశారు. మొదలుపెట్టిన రోజే షుగర్ మాత్రలు, బీపీ మాత్రలు ఆపించి, నర్సులో డైటీషియన్లో వెంట ఉండి చూసుకున్నారు. వాట్సాప్‌లో ఎగిరిపోయిన వాక్యం ఇదే. మా ఇంట్లో ప్రాణం మీదికి తెచ్చింది కూడా అదే.

ఇప్పుడు ఫలితం చూడండి. శాతాల్ని మనుషుల్లోకి మార్చుకోండి. షుగర్ అదుపులోకి వచ్చింది 46 శాతం మందికి, అంటే 149 మందిలో 68 మందికి. మామూలు వైద్యం తీసుకున్న మరో 149 మందిలో ఆరుగురికి. వీళ్ళకి వచ్చింది రెమిషన్. అంటే కనీసం రెండు నెలలు మందుల్లేకుండా ఉండి, హెచ్‌బీఏ1సీ (రెండు మూడు నెలల సగటు షుగర్‌ని చెప్పే రక్తపరీక్ష) 6.5 శాతం లోపు ఉండటం. జబ్బు శాశ్వతంగా పోయిందని పేపర్లో ఎక్కడా లేదు. 15 కిలోలు, ఆపైన తగ్గినవాళ్ళు 36 మందే, వాళ్ళలో 31 మందికి రెమిషన్ వచ్చింది. బరువు పెరిగినవాళ్ళలో ఒక్కరికీ రాలేదు.

బ్రిటన్ పేపర్లలో రక్తంలో గ్లూకోజు అంకె 9.2, 5.9 అని చిన్నగా కనిపిస్తుంది. 18తో గుణిస్తే మన ల్యాబు లెక్క వస్తుంది: 166, 106.

ఒక్క పేపరుతో ఆగకండి, అదే మనిషి రాసినవి ఏళ్ళ వరసలో చూడండి. కాలేయంలో కొవ్వు పేరుకుని, అక్కణ్ణుంచి క్లోమానికి చేరి ఇన్సులిన్‌ను దెబ్బతీస్తుందని టేలర్ 2008లో ఊహించారు. 2011లో 11 మంది మీద పరీక్షించారు. వారంలోనే పరగడుపు షుగర్ 166 నుంచి 106కి దిగింది. డైరెక్ట్‌లో రెండో ఏటికి 68 మంది కాస్తా 53 అయ్యారు. అయిదేళ్ళ దాకా వెంట ఉన్న 85 మందిలో రెమిషన్‌లో మిగిలింది 11 మంది. బీఎంఐ 27 లోపు ఉన్న 20 మందితో ఆ తర్వాత చేసిన చిన్న అధ్యయనంలో 14 మందికి రెమిషన్ వచ్చింది. బావలాంటి సన్నటివాళ్ళు చదవాల్సింది అదీ, 2004లో పుణె డాక్టర్ యాజ్ఞిక్ లాన్సెట్‌లో రాసిన ఒక్క పేజీ. ఆయనదీ, లండన్ డాక్టర్ యుడ్కిన్‌దీ ఒకటే బీఎంఐ, 22.3. ఒంట్లో కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మనవాడికి 21.2 శాతం.

ఆ కాగితం పట్టుకుని డాక్టరు దగ్గరికి వెళ్ళండి. మేం వెళ్ళి మూడే అడిగాం. ఈ వయసులో ఎన్ని కిలోలు తగ్గితే మంచిది? తిండి తగ్గిస్తే ఏ మాత్ర ఎప్పుడు మార్చాలి? షుగర్ ఎంతకి పడితే రాత్రి అయినా సరే మీకు ఫోన్ చేయాలి? మూడో జవాబుని అక్క ఫ్రిజ్ మీద అంటించింది.