సొరచేపల్ని చూడటానికి రిసార్టే అక్కర్లేదు

సొరచేపలతో డైవింగ్ అనుకోగానే మాల్దీవుల రిసార్టు ధరలు చూసి గుండె గుభేలుమంటుంది. స్థానికులుండే దీవిలో గెస్ట్‌హౌస్ తీసుకోండి, ఖర్చు బాగా తగ్గుతుంది. ముందు ఏ సొర కావాలో తేల్చుకోండి. వేల్ షార్క్ అయితే ధిగురా దీవి, టైగర్ షార్క్ అయితే ఫువమ్ములా (దానికి దేశీయ విమానం టికెట్ అదనం), నర్స్ షార్క్ అయితే ఫులిధూ. నా ఓటు ఫులిధూకే. రాజధాని మాలె నుంచి ప్రభుత్వ ఫెర్రీ ఉంది. దగ్గర్లోని అలిమథా దీవి జెట్టీ వద్ద రాత్రి డైవ్ చేస్తే, టార్చి వెలుగులో సొరలు మోకాళ్లను రాసుకుంటూ పోతాయి. డైవ్‌లు విడివిడిగా కాకుండా ఐదారు కలిపి ప్యాకేజీ ధర అడగండి. చివరి డైవ్ తర్వాత కనీసం 18 గంటలు విమానం ఎక్కకూడదు కనుక, ఆ రాత్రి గది అద్దె కూడా లెక్కలో వేసుకోండి.

ఒక్కటి చూసుకోండి: శుక్రవారం ప్రభుత్వ ఫెర్రీలు సాధారణంగా నడవవు. ఆ రోజు దిగితే స్పీడ్‌బోటే గతి, మిగిల్చిందంతా దానికే పోతుంది.